చోక్ లోపలికి నెట్టాను

మార్చి 2

అక్క ఇంటికొచ్చింది. మెకానిక్ బాబాయ్ వ్యానులో వెనక పరుపు వేసి పడుకోబెట్టి తెచ్చాం. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాను. ఎడమ తొడలో రాడ్డు, పదహారు కుట్లు. నలభై ఏళ్లుగా ఎక్కి దిగుతున్న ట్రాక్టరు మెట్టే. చెప్పు కింద కాస్త తడి, అంతే. "పొలంలో పడ్డా బాగుండేది, షెడ్డులో పడ్డానేంటే, పరువు పోయింది" అని దారంతా నవ్వింది. నవ్వితే నొప్పి. అయినా మళ్లీ నవ్వింది.

డాక్టరు విశ్రాంతి అన్నాడు. ఆసుపత్రి కాగితాలు బీరువాలో చీరల కింద పెట్టాను. వాళ్లిచ్చిన వాకరు షెడ్డులో గోనెసంచుల వెనక పెట్టాను. ఇంట్లో అడ్డం కదా.

ఇక పొలం. రెండు వారాల్లో దుక్కి అవ్వాలి, వాన పడగానే మొక్కజొన్న విత్తాలి. ఎవరి ట్రాక్టరైనా పిలుద్దాం అంది అక్క. నేను దున్నుతానన్నాను. అక్క తల తిప్పి నా మొహంలోకి చూసి "నువ్వా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అందుకే గుచ్చుకుంది.

మార్చి 3

స్టార్ట్ చేశాను! నలభై ఎనిమిదేళ్ల వయసులో, మొదటిసారి, ఒక్కదాన్నే.

ఊళ్లో ట్రాక్టర్లన్నీ డీజిలు తాగుతాయి. మా ముసలిది ఒక్కతే పెట్రోలు. నాన్న కొన్ననాటికే అది ఇంకొకరి చేతిలో సగం జీవితం గడిపేసింది. అక్క కిటికీలోంచి అరుస్తూనే ఉంది. "చోక్ బయటికి లాగు. పూర్తిగా. ఇప్పుడు తిప్పు. లేచిందా? కాసేపాగి చోక్ లోపలికి నెట్టెయ్. నెట్టావా?"

"నెట్టాను" అన్నాను.

పొగమంచు ఇంకా విడలేదు. షెడ్డు బయట ఏమీ లేదు, తెల్లగా అంతే. సీటు కింద నుంచి ఆ వణుకు నడుములోకి, భుజాల్లోకి, దవడల్లోకి ఎక్కుతూ ఉంటే కళ్లు మూసుకున్నాను. పడవలో ఉన్నట్టుంది. ఒడ్డు లేదు, తెడ్డు లేదు, నేనే నడుపుతున్నాను. కళ్లు తెరిచేసరికి మంచు పోయి ఎండ పడుతోంది. కోళ్లు తిండి కోసం చుట్టూ చేరి నావంకే చూస్తున్నాయి.

మార్చి 4

ఇవాళ కూడా. ఎక్కడికీ వెళ్లలేదు. ఊరికే వేడెక్కించాను.

మార్చి 6

దున్నాను. వంకరటింకరగానే, కానీ దున్నాను. పొలంలో పై చెక్కలో పదకొండు సాళ్లు. వెనక్కి తిరిగి చూస్తే నా వెనకాలే నేల విచ్చుకుంటూ వస్తోంది. ఎవరో నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు మెల్లగా. కొంగలు దిగాయి. నాకోసమే దిగినట్టనిపించింది.

పన్నెండో సాలులో ముసలిది దగ్గడం మొదలుపెట్టింది. టప్. కాసేపు బాగుంటుంది. మళ్లీ టప్, టప్. తర్వాత ఒంటికాలి మీద కుంటుతున్నట్టు నడిచి ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. నడిచి ఇంటికొచ్చాను.

"స్పార్కు ప్లగ్గులు తీసి చూడు" అంది అక్క. పానా ఎలా పట్టాలో మంచం మీంచే గాల్లో చేతులు తిప్పి చూపించింది. తీసి తెచ్చాను. నాలుగూ నల్లగా, మసిబట్టి, కాటుక డబ్బీలో ముంచి తీసినట్టున్నాయి. అక్క ఒకదాన్ని వేలితో రుద్ది చూసింది. పొడిమసి.

"చోక్ నెట్టావా?"

"నెట్టాను."

"పూర్తిగా?"

"నెట్టానన్నానుగా అక్కా."

వైరు బ్రష్షుతో రుద్ది మళ్లీ బిగించాను. లేచింది.

మార్చి 7

అక్క లేచి నిలబడతానంది. వద్దన్నాను. డాక్టరు వద్దన్నాడుగా.

మార్చి 9

అక్కకి వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, జడ వేశాను. జుట్టు ఎంత పల్చబడిందో ఇప్పుడే చూశాను. ఎప్పుడూ తలగుడ్డ కట్టుకుని ఉండేది, నేనెప్పుడు చూశాను గనక? అన్నం కలిపి పెట్టాను. చేతులు బాగానే ఉన్నాయే తల్లీ అంది. అయినా పెట్టాను. తినింది.

చిన్నప్పుడు నాన్న అక్కని ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించేవాడు. నా వంతు వచ్చేసరికి ఆయనకి ఓపిక అయిపోయింది. "నువ్వు పక్కకి జరగమ్మా, తగులుతుంది" అనేవాడు. నేను జరిగాను. అలా జరుగుతూ జరుగుతూ వంటింట్లో తేలాను. అక్క పెళ్లి వద్దనుకుని పొలం పట్టుకుంది. నేనేమీ అనుకోకుండానే ఇల్లు పట్టుకున్నాను. సాయంత్రం అక్క వచ్చే చప్పుడు కోసం చూడటం నా పని. ఎన్ని వేల సాయంత్రాలో.

ఇప్పుడు నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్క మంచం మీంచి తలెత్తి చూస్తోంది. "వచ్చావా? ఎంతవరకైంది?" అంటోంది. నేను వెంటనే చెప్పను. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్తాను.

మార్చి 11

మళ్లీ అదే. ప్లగ్గులు రుద్ది బిగించి వారం కూడా కాలేదు. ముసలిదానికే ఏదో ముసలి రోగం. నా తప్పేం లేదు.

మార్చి 12

మెకానిక్ బాబాయ్ వచ్చాడు. ఇంజన్ల మధ్య బతికి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇంజను మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని వింటాడు. తనకి వినపడదు గనక మనక్కూడా వినపడదనుకుని అరుస్తాడు. ఆయన షెడ్డులో మాట్లాడితే ముందుగదిలో అక్కకే కాదు, రోడ్డు మీద పోయేవాళ్లకీ వినపడుతుంది.

ప్లగ్గులు వరసగా గోడ మీద పెట్టాడు.

"ఇటు చూడు చిన్నమ్మాయ్. ఇది జిడ్డుగా తడిగా ఉంటే ఆయిలు పైకి కొడుతోందని, రింగులు పోయాయని. అలా లేదు. పొడిమసి. అంటే పెట్రోలు ఎక్కువవుతోంది, గాలి చాలట్లేదు. తిన్నది అరగట్లేదు దీనికి!"

గాలి వడపోసే డబ్బా విప్పాడు. అడుగున నూనె కాస్త మురికిగా ఉంటే మార్చాడు. ప్లగ్గుని ఇంజను ఒంటికి ఆనించి నన్ను తిప్పమన్నాడు. నీలం రంగు మెరుపు టక్కున దూకింది. "కాయిల్ బంగారం" అన్నాడు. కార్బురేటరు చూశాడు. అదీ బాగానే ఉంది. చేతులు తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

"అన్నీ బాగున్నాయి. మిగిలింది నీ చెయ్యి. చోక్ లాగితే గాలి మూసుకుపోతుంది. ఎంతసేపు లాగి ఉంచుతున్నావ్?"

"లేవగానే నెట్టేస్తాను బాబాయ్."

"ఆఁ?"

"నెట్టేస్తాను!"

"ఖాళీగా ఎంతసేపు తిప్పుతున్నావ్? పని లేకుండా, నిలబెట్టి?"

"లేదు బాబాయ్! అస్సలు తిప్పను!"

ఆయన తలాడించాడు. నమ్మాడో లేదో తెలీదు. "చిన్నగా తిరుగుతూ నిలబడితే ప్లగ్గు వేడెక్కదమ్మా. వేడెక్కకపోతే మసి కాలదు. బరువు లాగనివ్వు. నాగలి లోతుగా దించి, థ్రాటిలు పెంచి గంటసేపు చాకిరీ చేయించు. తన మసి తనే కాల్చుకుంటుంది. కాస్త వేడిగా ఉండే ప్లగ్గులు వేరే దొరుకుతాయి, తెమ్మంటే తెస్తాను. వాటితో తప్పు కనపడదు, అంతే. తప్పు పోదు."

వెళ్తూ వెళ్తూ అక్క గదిలోకి తొంగిచూశాడు. "ఏం పెద్దమ్మాయ్, ఇంకా పడుకునే ఉన్నావేంటి? మా ఆవిడకి ఇదే ఎముక విరిగితే నాలుగో రోజే నిలబెట్టారు!"

"మా డాక్టరు వద్దన్నాడంట బాబాయ్."

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. అప్పటికే కడిగిన గిన్నెలు.

మార్చి 13

ఒక్కొక్కరి ఎముక ఒక్కోలా ఉంటుంది. ఆవిడ వయసు వేరు, అక్క వయసు వేరు.

మార్చి 14

చోక్ దాదాపు నెట్టాను. దాదాపు పూర్తిగానే.

మార్చి 15

మధ్యాహ్నం అక్క నిద్రపోతోంది. ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా రాయడానికి చెయ్యి రావట్లేదు.

కాగితంలో విశ్రాంతి అని లేదు. ఉంది, మొదటి వారం వరకు. ఆ వారం ఆసుపత్రిలోనే అయిపోయింది. రెండో వారం నుంచి వాకరు పట్టుకుని పొద్దున పది అడుగులు, సాయంత్రం పది అడుగులు. మోకాలు రోజుకి మూడుసార్లు వంచాలి, లేకపోతే పట్టేస్తుంది. ఈ ముక్క కింద పెన్నుతో రెండు గీతలు గీశారు. నేను మొదటి రోజే చదివాను.

జాగ్రత్త కోసమే అనుకున్నాను. ఇంకో నాలుగు రోజులు పోనీ, కుట్లు ఆరనీ అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ అయ్యాక ఇంకో నాలుగు.

పొద్దున ముసలిదాని మీద కూర్చుంటే గంట ఎలా పోతుందో తెలీదు. చోక్ పూర్తిగా నెడితే దాని గొంతు మారుతుంది, ఒక్క క్షణం ఊపిరి పట్టినట్టవుతుంది. అది ఆగిపోతే నేను మళ్లీ పక్కకి జరగాలి. అందుకని సగంలో ఉంచుతాను. అప్పుడు అది ఆగదు. పొగ నల్లగా వస్తుంది, మంచులో కలిసిపోతుంది, ఎవరికీ కనపడదు.

అక్క లేస్తే సీటు అక్కదే.

రాసేశాను.

మార్చి 16

కాగితం మళ్లీ చీరల కిందే పెట్టాను.

మార్చి 19

నిన్నా ఇవాళా వాన. గదంతా తడిమట్టి వాసన. అక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వేళ్లు తడుపుకుంది. "రేపు ఆరితే ఎల్లుండి విత్తొచ్చు. మూడు రోజులే మనకి. ఆ తర్వాత పైపొర గట్టిపడుతుంది" అంది. దుక్కి ఇంకా సగం మిగిలే ఉంది.

మార్చి 20

అన్నీ జరిగినట్టే రాస్తాను.

పొద్దున్నే పై చెక్కలోకి తీసుకెళ్లాను. నేల ఇంకా బరువుగా ఉంది. రెండో సాలు సగంలో దగ్గు. మూడో సాలులో ఆగిపోయింది. తడిసిన పొలం మధ్యలో, గట్టుకి ఎంత దూరమో అటూ అంతే, ఇటూ అంతే. నాలుగుసార్లు తిప్పితే లేచింది, చోక్ లాగి. నల్లటి పొగ ముద్దలు ముద్దలుగా లేచింది. ఇవాళ మంచు లేదు దాచడానికి.

అప్పుడు వినపడింది.

"చోక్ నెట్టవే! లోపలికి తొయ్యి! పొగ చూడు, ఎంత నల్లగా వస్తోందో!"

మంచం మీంచి పొలం కనపడదు. గోడ అడ్డం. నిలబడితేనే కనపడుతుంది.

ఇంజను అలాగే వదిలేసి పరిగెత్తాను. బురదలో ఒక చెప్పు ఉండిపోయింది. గదిలోకి వెళ్లేసరికి అక్క రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. ఒంటికాలి మీద. మొహం సున్నం కొట్టినట్టుంది. చీర చెమటతో వీపుకి అంటుకుపోయింది. ఎడమకాలు కొయ్యలా వేలాడుతోంది.

"పట్టుకో" అంది. పట్టుకున్నాను. మంచం మీద కూర్చోబెడితే మోకాలు వంగలేదు. కొంచెం నొక్కితే అరిచింది. ఆ అరుపు నేనెప్పుడూ వినలేదు.

"వంగట్లేదేంటే ఇది?"

"అక్కా."

"ఏంటి?"

"నిన్ను ఎప్పుడో నిలబెట్టమన్నారు. నడిపించమన్నారు. కాగితంలో ఉంది. నేనే..."

బీరువా తెరిచి తెచ్చి ఇచ్చాను. అక్క కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదివింది. విత్తనాల సంచి మీద రాసింది చదివినట్టు, ప్రతి అక్షరం. రెండు గీతల దగ్గర వేలు ఆపింది.

"చోక్ కూడా నెట్టలేదు నువ్వు" అంది.

"లేదు."

"పొద్దున గంటసేపు దాని మీద కూర్చుంటున్నావని నాకు తెలీదనుకున్నావా? ఇంజను చప్పుడు వింటూనే పడుకున్నాను రోజూ. కూర్చోనీలే, ఎన్నాళ్ల సరదానో అనుకున్నాను. అందుకే బాబాయ్‌కి కూడా చెప్పలేదు."

బయట ముసలిది తనంతట తనే ఆగిపోయింది.

"అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదే" అంది అక్క. కళ్లజోడు తీసి పక్కన పెట్టి గోడవైపు తిరిగింది.

మార్చి 21

ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు మోకాలు పట్టుకుని వంచి చూశాడు. సగం కంటే తక్కువే వంగింది. "కాగితం ఇచ్చాం కదమ్మా, వ్యాయామం చేయించలేదా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అక్క అంది, "నేనే బద్ధకించానండీ. చెల్లెలు చెప్తూనే ఉంది."

రోజూ చేస్తే ఆరునెలల్లో చాలావరకు వస్తుందట. పూర్తిగా వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేరట.

వ్యానులో ఒక్క మాట లేదు. ఇంటికొచ్చాకా లేదు. వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టాను. పట్టుకుని లేచింది. పది అడుగులు. నేను వెనకాల చేతులు చాచి నడిచాను. చేతులు తియ్యమన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మార్చి 22

నాలుగు ప్లగ్గులూ తీసి శుభ్రం చేశాను. సందు కొలిచే రేకు పెట్టి ఒక్కోటీ సరిచూశాను. స్టార్ట్ చేశాను. చోక్ నెట్టాను. పూర్తిగా, ఆనేదాకా. ముసలిది ఊపిరి పట్టింది, నేనూ పట్టాను. తర్వాత అది వదిలింది. గొంతు మారింది. సన్నగా, శుభ్రంగా.

నిమిషం కూడా కూర్చోలేదు. నాగలి లోతుగా దించాను. మొదటి గంట మసి కక్కింది. తర్వాత పొగే కనపడలేదు, గొట్టం మీద గాలి వణకడం తప్ప. మధ్యాహ్నానికి మిగిలిన దుక్కి అయిపోయింది. బాబాయ్ వచ్చి విత్తనాల గొర్రు తగిలించి వెళ్లాడు. చీకటి పడేలోపు పై చెక్క, నడిమి చెక్క విత్తేశాను. దిగువ చెక్కలో నీళ్లు నిలిచాయి, దిగలేకపోయాను.

ఏడ్చానో, చెమటో తెలీదు. ఏ కల రాలేదు సీటు మీద. పని మాత్రమే ఉంది.

ఇంటికొస్తే అక్క గుమ్మంలో వాకరు పట్టుకుని నిలబడి ఉంది. "ఎంతవరకైంది?" అనలేదు. నా వెనకనున్న పొలం చూస్తోంది. నేనే చెప్పాను. అడక్కుండానే, కాళ్లు కడుక్కోకుండానే.

మార్చి 25

అక్క మాట్లాడింది. "కూరలో ఉప్పు లేదు."

ఏప్రిల్ 9

మొలకలు బెత్తెడయ్యాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంటే నేల మీద పచ్చటి ఆవిరి లేచినట్టుంది. నా సాళ్లు ఎంత వంకరో మొలిచాక తెలిసింది. అక్క వాకరుతో షెడ్డు దాకా వచ్చి ముసలిదాని మూతి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. వాకరు వదిలి మెట్టు మీద కుడికాలు పెట్టింది. ఎడమకాలు లేవలేదు. దింపేసి వెనక్కి తిరిగింది. నేను వంటింటి తలుపు వెనక నుంచి చూశాను. చూసినట్టు చెప్పను.

ఏప్రిల్ 10

నాకు కావలసిన సీటు నాకు దొరికింది. ఇలాగా.

ఏప్రిల్ 27

రోజుకి మూడుసార్లు మోకాలు వంచుతున్నాం. నేను మడమ పట్టుకుంటాను, అక్క అంకెలు లెక్కపెడుతుంది. ఇరవై దగ్గర తిట్టడం మొదలుపెడుతుంది. ఇవాళ నన్ను తిట్టిన తిట్లకి నాకే నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. కానీ పెదవి మూల కదిలింది, చూశాను.

మే 4

దిగువ చెక్క ఆరింది. ఆలస్యమే, అయినా విత్తొచ్చు.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అక్క అప్పటికే అక్కడ ఉంది, తలకి గుడ్డ చుట్టుకుని. బాబాయ్ కూడా ఉన్నాడు. పాత చెక్కబల్ల తెచ్చి మెట్టు పక్కన వేశాడు. ఇద్దరూ నాకు తెలీకుండా మాట్లాడుకున్నారన్నమాట. బాబాయ్ రహస్యం మాట్లాడితే నాకు వినపడకుండా ఎలా పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఎక్కించండి" అంది అక్క.

చెరో చంక కింద చెయ్యి వేసి ఎక్కించాం. సీటులో కూర్చుంది. ఎడమకాలు చాపితే క్లచ్ పక్కనుంచి ముందుకి వెళ్లిపోయింది. వంచి తొక్కడానికి రాదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, కాసేపు అలాగే చూసి, నావైపు తిరిగింది.

"ఏంటి చూస్తావ్, ఎక్కు. ఇటు, మెట్టు మీద నిలబడు. మడ్‌గార్డు గట్టిగా పట్టుకో. క్లచ్ నీది. నేను అన్నప్పుడు తొక్కు, అన్నప్పుడు వదులు. ముందూ కాదు, వెనకా కాదు."

బాబాయ్ ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. స్టార్ట్ చేసింది అక్కే. చోక్ తనే లాగింది, తనే నెట్టింది. ఇంజను కాస్త వేడెక్కగానే ఇక కాచుకుని కూర్చోలేదు.

"క్లచ్!"

తొక్కాను. గేరు పడింది.

"వదులు. మెల్లగా. మెల్లగానే తల్లీ!"

కదిలింది. ఒకే సీటు పక్కన ఇద్దరం. నా చెంప దగ్గర అక్క తలగుడ్డ కొంగు కొట్టుకుంటోంది. దిగువ చెక్క ఇంకా అక్కడక్కడా తడిగా మెరుస్తోంది. ముందు చక్రాలు ఆకాశం మీద దొర్లుతున్నట్టున్నాయి. సాలు తీగలా సాగింది. ఎక్కడా వంకర లేదు. నేను అలా ఎప్పుడూ తీయలేను. తీయలేనని తెలిసి హాయిగా ఉంది.

చివర మలుపు దగ్గర అక్క "క్లచ్" అన్నప్పుడు నేను ఎటో చూస్తున్నాను. తొక్కేసరికి ఆలస్యమైంది. ముసలిది ఒక్కసారి గుంజుకుని ఆగిపోయింది.

గాలి చప్పుడు. దూరంగా ఎక్కడో నీటిపంపు. ఆగిపోతే ఏమవుతుందో అని ఇన్నాళ్లు భయపడ్డాను. ఏమీ కాలేదు. పొలం మధ్యలో ఇద్దరం ఉన్నాం, అంతే.

అక్క స్టీరింగు వదల్లేదు. ముందుకే చూస్తోంది.

"నీ మీద కోపం ఇంకా పోలేదు నాకు" అంది.

"తెలుసక్కా."

"ఎప్పటికి పోతుందో కూడా తెలీదు."

"సరే."

తలగుడ్డ సర్దుకుంది. తాళం మీద చెయ్యి వేసింది.

"తొక్కు మరి" అంది.